అత్త హంపీకి నడిచిపోయిన విమానం

మా ఊరి నుంచి హంపీ నాలుగు రోజుల నడక. కర్నూలు జిల్లా పడమటి అంచున, నల్లరేగడి పత్తిచేల మధ్య ఉంటుంది మా ఊరు. పొద్దు గుంకే దిక్కుకు మొగం పెట్టి నడిస్తే అయిదో రోజు పొద్దున విరూపాక్షుడి గోపురం కనిపిస్తుందని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. మా మేనత్తా నేనూ పట్టిన దారి వేరు. ముందు హంపీకి వీపు తిప్పి, రైల్లో తూర్పుగా కడపకు వచ్చాం. అక్కడ విమానం ఎక్కి, దాదాపు మా ఊరి పక్క నుంచే వెనక్కి ఎగిరి, బళ్ళారిలో దిగి, బస్సెక్కి హంపీ చేరాం. అదే రోజు పొద్దు గుంకేలోగా కడపకు తిరిగి వచ్చాం. ఆ రోజుల్లో దీన్ని సౌకర్యం అనేవాళ్ళు.

అప్పుడు నేను కడపలో ఒక కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. ఊరి బయట విమానాల మైదానం కొత్తగా తయారైంది. విమానాలు ఎప్పుడో గాని వచ్చేవి కావు కనక మిగతా రోజుల్లో మేకలు మేసేవి. అట్లాంటప్పుడు మద్రాసు నుంచి ఒక కంపెనీ వచ్చి, 'ఒక్క రోజులో హంపీ' అని గోడల మీద కాగితాలు అంటించింది. విమానం వాళ్ళది, బస్సు వాళ్ళది, మధ్యాహ్నం పులిహోర పొట్లం వాళ్ళది. శిథిలాల గురించి చెప్పే మనిషి మాత్రం వాళ్ళ దగ్గర లేడు. మా ప్రిన్సిపాలు నా పేరు చెప్పాడు. హంపీ మీద దొరికిన పుస్తకమల్లా చదివినవాణ్ణి నేను. హంపీకి ఎప్పుడూ పోలేదన్న సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నాకు జీతం బదులు, వెంట ఒక మనిషిని తెచ్చుకోవచ్చు అన్నారు. నేను వెంటనే అత్త పేరు రాయించాను.

ఎందుకు రాయించానో చెప్పాలి. నన్ను కన్న కొన్నాళ్ళకే అమ్మ పోతే అత్తే పెంచింది. నాకు నాలుగేళ్ళప్పుడు మూడు వారాలపాటు జ్వరం దిగలేదట. ఆదోని డాక్టరు పెదవి విరిచాడట. ఆ రాత్రి అత్త ఇంటి గడపలో నిలబడి, 'సామీ, వీడు బతికితే నీ గడపదంకా నడిచొస్తా' అని విరూపాక్షుడికి మొక్కుకుంది. నేను బతికాను. అందుకు డాక్టరు మందు కారణమా, అత్త మొక్కు కారణమా అన్నది మా ఇంట్లో ఎప్పుడూ వాదనకు రాలేదు. డాక్టరు తరఫున మాట్లాడేవాళ్ళు లేరు.

నడక మాత్రం సాగలేదు. మొదటి ఏడు కరువు. రెండో ఏడు మామకు పక్షవాతం. ఆయన మంచాన ఉన్నన్నేళ్ళూ అత్త ఊరి పొలిమేర దాటలేదు. ఆయన పోయాక యుద్ధం. యుద్ధానికీ అత్త నడకకీ ఏమిటి సంబంధమని అడక్కూడదు. ఆ రోజుల్లో ఏది ఆగినా యుద్ధం వల్లే ఆగేది. యుద్ధం అయ్యేసరికి అత్తకు మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి.

అప్పటి నుంచి నాకు తుమ్ము వచ్చినా అత్త పడమటి దిక్కుకు చూసేది. సైకిలు మీద నుంచి పడి చెయ్యి విరిగితే, 'నాదే రా తప్పు' అని ఏడ్చింది. ఇంటర్మీడియట్‌లో గణితం తప్పితే అదీ విరూపాక్షుడి కోపమే అంది. అది మాత్రం నేను కాదనలేదు. మూడు సంబంధాలు వచ్చి తప్పిపోయాయి. నాలుగోది నిలిచి, మాఘంలో ముహూర్తం పెట్టుకున్నాక అత్త తేల్చి చెప్పింది.

"మొక్కు తీరనిదే నీ తల మింద అచ్చింతలు ఎయ్యను. నా శేతులతో నేనే నీకు కీడు తెచ్చినట్టు అయితాది."

మా పెళ్ళిళ్ళలో మేనత్త లేకుండా ఏ పనీ జరగదు. అత్త అక్షింతలు వెయ్యకపోతే పెళ్ళి ఆగిపోతుందని కాదు. ఆ పందిట్లో ఆమె స్తంభం చాటున నిలబడి నాకోసం భయపడుతూ ఉంటుంది. అది నాకు తెలుసు. నేను మొక్కులు నమ్మేవాణ్ణి కాదు. అత్త భయం మాత్రం నమ్మాల్సిందే, చిన్నప్పటి నుంచీ కళ్ళెదుట ఉండేది.

విమానం మాట చెప్పగానే అత్త మా ఊరి జంగమయ్య దగ్గరికి పోయింది. నేనూ వెంట ఉన్నాను.

"సామీ, మోకాళ్ళు సగమే పనిజేస్తాండాయి. బండెక్కి పోతే మొక్కు చెల్లుతాదా?" అని అడిగింది.

"యాడ చెల్లుతాది తల్లీ? నడిచొస్తానంటివి గదా."

"ఇమానంలో అయితే?"

జంగమయ్య విభూతి సంచి పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించాడు. ఇట్లాంటి ప్రశ్న ఆయనకు మునుపు వచ్చి ఉండదు.

"పెద్దోళ్ళు ఇమానం సంగతి ఏమీ చెప్పలేదు తల్లీ. నాకు తోచింది చెప్తా. దావలో కూచోగూడదు. కాళ్ళు ఆడతా ఉండాల. కింద నేలుంటే ఏమి, రేకుంటే ఏమి? కాలు ఆడతాంటే నడకే."

నేను నవ్వాను. అత్త నవ్వలేదు. ఆమె చూపులో నేను అప్పటికే విమానంలో సీటు ఇప్పించినవాణ్ణి, అంతకుమించి నాకు మాట్లాడే అర్హత లేదు.

మరి కడపకు రైల్లో కూచుని వచ్చావు గదా అని కడపలో దిగాక అడిగాను. "అది హంపీకి పోయే దావ కాదు. ఎనక్కి పోయే దావలో ఎట్ల పోతే ఏమి?" అంది. నా చదువులో ఇంత గట్టి తర్కం తక్కువసార్లు ఎదురైంది.

విమానం మైదానంలో ముక్కు పైకెత్తి, తోక నేలకు ఆనించి నిలబడి ఉంది. అట్లా ఉండడం వల్ల లోపల నడవ ఏటవాలుగా ఉంటుంది. వెనక తలుపులోంచి ఎక్కి ముందు సీట్లకు పోవాలంటే చిన్న గుట్ట ఎక్కినట్టే. అత్తకు అది నచ్చింది.

"కొండెక్కినట్టుండాది. మేలే," అంది మోకాలు పట్టుకుని.

పాతికమందిమి ఉన్నాం. వకీళ్ళు, నూనెమిల్లుల వాళ్ళు, ఒకరిద్దరు డాక్టర్లు. అందరికంటే ముందు సీటు పట్టుకున్నది ఒక రిటైరైన తాసీల్దారు. ఉద్యోగం పోయినా గొంతు పోలేదు ఆయనకు. తెల్లకోటు వేసుకున్న నడివయసు మనిషి, మద్రాసాయన, పళ్ళెంలో పిప్పరమెంట్లూ చెవుల్లో పెట్టుకోవడానికి దూదీ తెచ్చాడు. అందరూ దూది చెవుల్లో పెట్టుకుంటే అత్త తన ఉండను వేళ్ళతో లాగి, పోగు తీసి చూసింది.

"ఇది మా తట్టు పత్తి కాదప్పా. పింజ పొట్టి," అని తిరిగి పళ్ళెంలో పెట్టేసింది.

నేల వదిలేదాకా అందరూ బెల్టు కట్టుకుని కూచోవాలన్నాడు తెల్లకోటాయన. కూచుంటే మొక్కు చెల్లదు గదా అనుకున్నాను. అత్త కూచుంది, బెల్టు కట్టించుకుంది. తర్వాత కిందికి చూస్తే, బెల్టు కింద ఆమె కాళ్ళు ఒకటి తర్వాత ఒకటి లేచి పడుతున్నాయి. విమానం పరుగెత్తినంత సేపూ, పైకి లేచినంత సేపూ అత్త కూచున్నచోటే నడిచింది.

బెల్టులు విప్పవచ్చు అనగానే లేచి నిలబడింది. సీట్ల వీపులు పట్టుకుంటూ నడవలో ముందుకు పోయింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ ముందుకు పోయింది.

"అమ్మా, కూచోండి. పడిపోతారు," అని తెల్లకోటాయన వెంటపడ్డాడు.

"నేను కూచుంటే ఇమానం పోతాది. నేను పోను గదప్పా," అంది అత్త.

ఆయన నా మొగం చూశాడు. నేను కిటికీలోంచి చూడడం మొదలుపెట్టాను.

కింద మా సీమ కనిపిస్తోంది. అంత ఎత్తు నుంచి చూస్తే మా సీమకు దాచుకోవడానికి ఏమీ లేదని తెలుస్తుంది. పెన్నలో ఇసుకే ఎక్కువ, నీళ్ళు ఒక పక్కన పాయగా ఉన్నాయి. ఎర్రగుంట్ల దగ్గర రైలు పట్టాలు సన్నటి గీతలా సాగిపోతున్నాయి. కొంతసేపటికి గుత్తి కొండ వచ్చింది. కోట గోడలు కొండ తల మీద కట్టిన గుడ్డలా ఉన్నాయి. ఆ కోట కింద నిలబడి తల ఎత్తి చూసినప్పుడల్లా నాకు మెడ నొప్పి పుట్టేది. ఇప్పుడు దాని నడినెత్తి చూస్తున్నాను. ఏమిటోగాని, పెద్దమనిషిని స్నానం చేస్తుండగా చూసినట్టు అనిపించి కళ్ళు పక్కకు తిప్పుకున్నాను.

తాసీల్దారు కిటికీకి ముక్కు ఆనించి, "ఆ ఊరు నా తాలూకాలోదే. ఆ చెరువు కట్ట బాగుచెయ్యమని ఎన్నిసార్లు రాశానో," అంటూ కనిపించిన ప్రతి ఊరినీ తన అజమాయిషీలోకి తీసుకుంటున్నాడు.

ఇంతలో పైలట్ గదిలోంచి మీసాల మనిషి ఒకడు బయటికి వచ్చి, గైడు ఎవరని ఇంగ్లీషులో అడిగాడు. లేచాను. తన విమానం ముక్కు కాసేపు బరువవుతోంది, కాసేపు తేలికవుతోంది, లోపల ఎవరు తిరుగుతున్నారని అడిగాడు. మా అత్త హంపీకి నడుస్తోందని చెప్పాను. తర్వాత మొక్కు సంగతి, జ్వరం సంగతి, జంగమయ్య తీర్పు కూడా చెప్పాల్సి వచ్చింది. ఇంగ్లీషులో చెబుతుంటే అది నాకే నమ్మశక్యంగా లేదు. ఆయన అత్త వైపు కాసేపు చూశాడు. అప్పుడామె తోక దగ్గర మలుపు తిరుగుతోంది.

"నెమ్మదిగా నడవమని చెప్పు," అని లోపలికి పోయాడు. తలుపు వెయ్యబోతూ ఇంకో మాట అన్నాడు. కడప మైదానంలో దీపాలు లేవు, చీకటి పడితే దిగలేము, నాలుగున్నరకల్లా అందరూ బళ్ళారిలో ఉండాలి.

బళ్ళారిలో దిగాం. అత్త మోకాళ్ళు వాచిపోయాయి. బస్సులో అయినా కూచో అన్నాను. వినలేదు. పై కమ్మీ పట్టుకుని, బస్సు ఊగినట్టల్లా ఊగుతూ, డ్రైవరు దగ్గర నుంచి వెనక సీటు దాకా తిరిగింది. వకీళ్ళు కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. మొదట నవ్వినవాళ్ళు కూడా తర్వాత ఆమె దగ్గరికి వచ్చినప్పుడల్లా చెయ్యి అందించడం మొదలుపెట్టారు. నవ్వు ఎక్కడ ఆగిపోయిందో నేను గమనించలేదు.

సగం దారిలో టైరు పోయింది. మారుద్దామని చూస్తే వెంట తెచ్చిన రెండో టైరులోనూ గాలి లేదు. డ్రైవరు ట్యూబుకు అతుకు వేస్తూ కూచున్నాడు. నా చేతిలో కాగితం మీద పదకొండు చోట్ల పేర్లు, ఏ చోట ఎన్ని నిమిషాలో రాసి ఉన్నాయి. ఒక్కొక్క పేరూ కొట్టేస్తున్నాను. అత్త ఒక్కతే సంతోషంగా బస్సు దిగింది.

"ఇంగ ఇది అసలైన నేల," అని చెప్పులు చేత్తో పట్టుకుని రోడ్డు మీద పడమటికి నడవసాగింది.

తాసీల్దారు గడియారం చూసుకున్నాడు, కండువా తలకు చుట్టుకున్నాడు, "ఆడమనిషిని ఒంటరిగా పంపిస్తే ఎట్లా?" అని ఆమె వెంట పోయాడు. గంట తర్వాత బస్సు వాళ్ళను కలుసుకునేసరికి ఇద్దరూ ఒక జొన్నచేను గట్టున నిలబడి ఉన్నారు. అత్త నిలబడ్డచోటే కాళ్ళు ఆడిస్తోంది.

"ఇంతసేపూ ఒక్కసారి కూచోలేదు. నన్ను మాత్రం కూచోమంటుంది," అన్నాడు తాసీల్దారు నాతో, ఫిర్యాదు చేస్తున్నట్టు.

"నీకు మొక్కు లేదు గదా దొరా. నువ్వు కూచోవచ్చు," అంది అత్త.

హంపీ చేరేసరికి ఒంటిగంట దాటింది. రెండుంబావుకు బయలుదేరితేగాని నాలుగున్నరకు బళ్ళారి అందలేం. ఒక్క గంటలో చూడగలిగింది ఒక్కటే. బస్సును ఎదురు బసవన్న అనే పెద్ద నంది విగ్రహం దగ్గర ఆపించాను. అక్కడి నుంచి విరూపాక్షుడి గోపురం దాకా అరమైలు వెడల్పాటి వీధి. బస్సు గోపురం దాకా పోతుందని డ్రైవరు అన్నాడు. అక్కర్లేదన్నాను. అందరం దిగి నడిచాం. అత్త ముందు, మేమందరం ఆమె వెనక. ఆమె నడిచినంత మెల్లగానే పాతికమందిమీ నడిచాం.

నేను గైడు పని మొదలుపెట్టాను. ఈ వీధిలో రత్నాలు కుప్పలు పోసి అమ్మేవాళ్ళు, దేశదేశాల వర్తకులు గుర్రాలు తోలుకొచ్చేవాళ్ళు, ఇప్పుడంతా పాడుబడింది అని గొంతు సవరించుకుని చెబుతున్నాను. అత్త ఆగింది. మండపం స్తంభాల మధ్య ఎవరో చీర ఆరేశారు. దాని చాటున ఒక ఆడమనిషి రొట్టె కాలుస్తోంది. పక్క మండపంలో దర్జీ మిషను తొక్కుతున్నాడు. ఇంకో మండపంలో బర్రెను కట్టేశారు.

"ఎవురప్పా పాడుబడిందన్నది? పొయ్యి మండతాండాది గదా," అంది అత్త. ఆ ఆడమనిషితో కన్నడంలో ఏదో మాట్లాడింది. పడమటి పల్లెల వాళ్ళకు కన్నడం పక్కింటి భాష. రొట్టె ముక్క ఒకటి తీసుకుని, తింటూ నడిచింది. నేను మిగతా ఉపన్యాసం మానుకున్నాను. చదివిన పుస్తకాల్లో రొట్టె సంగతి లేదు.

పెద్ద గోపురం దాటి లోపలికి పోయాం. రెండో ప్రాకారం తలుపులు మూసి ఉన్నాయి.

గుడి మధ్యాహ్నం మూస్తారు. మళ్ళీ నాలుగింటికి తీస్తారు. లోకంలో ప్రతి గుడీ అంతే. చరిత్ర చదివిన నాకు తప్ప ఆ సంగతి ఆ గుంపులో అందరికీ తెలుసు. తప్పంతా టైరు మీదకు నెట్టేసి ఉండవచ్చు. కాని నా కాగితంలో విరూపాక్షుడి గుడి ముందు నుంచీ ఆఖరునే ఉంది, ముగింపు నిండుగా ఉంటుందని అట్లా రాసుకున్నాను. టైరు నిలిచినా ఇదే వేళకు ఇదే తలుపు ముందుకు వచ్చేవాళ్ళం. పుస్తకాలన్నీ హంపీని శిథిలం అన్నాయి. శిథిలానికి తలుపులు ఉంటాయనీ, వాటిని ఒక మనిషి వేళకు మూసి భోజనానికి పోతాడనీ నాకు తోచలేదు. ఇరవై రెండేళ్ళ మొక్కు, వాచిన మోకాళ్ళు, ముందు మాఘంలో పెళ్ళి. మూసిన తలుపు ముందు నిలబడి, చేతిలోని కాగితాన్ని సన్నగా మడుస్తూ ఉండిపోయాను.

తాసీల్దారుకు గొంతు తిరిగి వచ్చింది. "పూజారి ఎక్కడ? ఇల్లెక్కడ? నేను తెరిపిస్తాను. ఈ తల్లి ఎట్లా వచ్చిందో వాళ్ళకు తెలియాలి," అని గట్టిగా అంటూ తలుపు మీద కొట్టబోయాడు.

అత్త ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ కాలంలో, ఆ వయసులో, పరాయి మగవాడి చెయ్యి పట్టుకున్నదని ఆమెకే తోచినట్టు లేదు.

"వద్దు దొరా. సామి తిని పండుకుని ఉంటాడు. లేపి మొక్కు తీర్చుకుంటే అది మొక్కు కాదు, జులుం."

"అత్తా, మరి నీ మొక్కు?" అన్నాను.

ఆమె వంగింది. మోకాళ్ళు వంగనివ్వలేదు. ఒక వకీలు ఒక పక్కా నేనొక పక్కా పట్టుకున్నాం. నుదురు గడప రాతికి ఆనించి కాసేపు అట్లాగే ఉంది. ఏమనుకుందో నాకు తెలియదు. లేచి, మూసిన తలుపును అరచేత్తో ఒకసారి తాకి, నాకేసి తిరిగింది.

"నడిచొస్తానంటిని గాని, చూస్తానంటినా రా? గడపదంకా అంటిని. ఇదే గదా గడప."

ఆ తర్వాత పక్కనున్న అరుగు మీద కూచుంది. పొద్దున్నించి అదే మొదటిసారి నిజంగా కూచోవడం. కాళ్ళు రెండూ చాపుకుంది. పాతికమందిమీ, ఎవరూ చెప్పకుండానే, ఆమె చుట్టూ ఆ రాళ్ళ మీద కూచుని పులిహోర పొట్లాలు విప్పాం. నేను చూపించాల్సిన మిగతా పది చోట్ల గురించి ఎవరూ అడగలేదు. పైన గోపురం మీద కోతులు మా పొట్లాల కేసి చూస్తున్నాయి. తలుపు అవతల ఎక్కడో నీళ్ళు పడుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. చరిత్రనంతా పక్కన పెట్టి, ఒక గుడి బయట అంతసేపు కదలకుండా నేను కూచోవడం అదే మొదలు.

తిరుగు ప్రయాణంలో అత్త బెల్టు తనే కట్టుకుంది. విమానం లేవకముందే నిద్రపోయింది. మీసాల పైలట్ మధ్యలో తలుపు తీసి నడవకేసి చూశాడు. నడవ ఖాళీగా ఉంది. నన్ను చూసి కనుబొమలు ఎగరేశాడు. నేను తలూపాను. తెల్లకోటాయన ఒక దుప్పటి తెచ్చి అత్త కాళ్ళ మీద కప్పాడు.

మాఘంలో పెళ్ళయింది. అత్త అక్షింతలు దోసిళ్ళతో వేసింది. మా ఆవిడ కంటిలో ఒక గింజ పడి, తర్వాతి రోజంతా కన్ను ఎర్రగా ఉంది. మొక్కు చెల్లిందా లేదా అని ఊళ్ళో వాదించుకున్నారు. జంగమయ్య తన తీర్పు మీదే నిలబడ్డాడు. నేను అత్తను ఎప్పుడూ అడగలేదు.

ఆ మరుసటి ఏడు వానలప్పుడు నాకు జ్వరం వచ్చింది. ఊళ్ళోనే ఉన్నాను. అత్త వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఇక పడమటి దిక్కు చూస్తుందని, నాదే తప్పని అంటుందని కళ్ళు మూసుకుని పడుకున్నాను.

"ఈడ పండుకుని మూల్గకపోతే, ఆ ఆదోని డాక్టరు దగ్గరికి పోగూడదా?" అని, పొయ్యి మీద అన్నం పొంగుతోందని లోపలికి పోయింది.